పెడబొబ్బకు పదకొండు పొరలు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక రోజంతా పెడముఖాలు తప్ప ముఖాలు లేవు. కారణం పెడల్స్.

నేను అక్షరాలా అక్షరాల మనిషిని. ఇరవై ఆరేళ్ళు దుకాణాలకు బోర్డులు రాశాను. కుంచె పట్టి గీత గీస్తే పక్కనున్న స్కేలు సిగ్గుపడేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఊరందరికీ బోర్డులు రాసినవాణ్ణి, చివరికి నేనే బోర్డు తిప్పేశాను. ఈ ముక్క నవ్వుతూ చెప్పడం అలవాటు కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. విని నవ్వడానికి మా ఆవిడకి ఇంకాస్త గడువు కావాలట.

మా ఆవిడ ఒక సర్వీసు సెంటరులో పనిచేసేది. ముందుగదిలో టై కట్టుకున్న మేనేజరు కస్టమరుతో "నేను చూస్తాను" అనేవాడు. వెనకగదిలో ఈవిడ చూసేది. బాగుపడిన వస్తువు మీద సంతకం మళ్ళీ ఆయనదే. అక్కడినుంచి ఇంటికొచ్చి, టీ తాగి, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, వైర్లు అతికే సోల్డరింగు ఐరన్ వేడెక్కించుకుని తన సొంత పని మొదలుపెట్టేది. అదే గిటారు పెడల్స్ తయారీ.

పెడల్ అంటే అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా. గిటారుకీ స్పీకరుకీ మధ్య నేలమీద పడుంటుంది. వాయించేవాడు కాలితో ఒక్క తొక్కు తొక్కాడంటే, అప్పటిదాకా మర్యాదగా మాట్లాడిన గిటారు గొంతు చించుకుంటుంది. తొక్కితే గొంతు లేవడమనే సూత్రం నాకు పెళ్ళయిన కొత్తలోనే అనుభవమైంది గనక తేలిగ్గానే అర్థమైంది.

వానలు మొదలైన వారంలో జులపాల మాస్టారు వచ్చాడు. గిటారు బడి నడుపుతాడు. జులపాలు ఎప్పుడో రాలిపోయాయి, పేరు మాత్రం రాలలేదు. మా ఆవిడ చేసిన ఒక బోడి డబ్బాను ఎవరి దగ్గరో విన్నాడట. తన పిల్లలు ఎనిమిదిమంది కచేరీ చేయబోతున్నారనీ, ఎనిమిది డబ్బాలు కావాలనీ, అయిదు వారాల గడువనీ చెప్పాడు.

"కానీ అమ్మా, దీనిమీద ఏది ఏ నాబో రాసుండాలి. పిల్లలు చీకటి స్టేజీ మీద తడుముకుంటూ కూర్చుంటే పాటైపోతుంది" అన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏమండీ, ఒక్క మాట. ఈ ఎనిమిదీ ఆయనకి నచ్చాయంటే ఉద్యోగం మానేసి ఇదే చేస్తాను. నచ్చలేదంటే ఇది మూటకట్టేసి బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటాను. రెండూ ఇక నావల్ల కావట్లేదు. లోపలిది నేను చూసుకుంటా. పైది మీరు చూడండి."

"పైవాడి మీద భారం వేశావన్నమాట" అన్నాను.

"మీమీద వేశాను. అందుకే భయం" అంది.

డబ్బామీద వేళ్ళతో తిప్పే మూడు నాబులు. ఒకటి శబ్దం పెంచేది, ఒకటి స్వరం మార్చేది, ఒకటి గరుకు పెంచేది. వాటికి హోరు, తీరు, జోరు అని పేర్లు పెట్టాను. మర్నాడు బల్ల దగ్గర టీ తాగుతుంటే మొత్తం డబ్బాకి పేరు తట్టింది. పెడబొబ్బ. పెడల్‌లో పెడ ఉంది, డబ్బాలో బొబ్బ ఉంది. ఇలాంటివి తట్టినప్పుడు రాసుకోకపోతే ఆవిరైపోతాయి. బల్లమీద మా ఆవిడ గీసిన కాగితం ఉంటే దాని మూల చింపి, రాసుకుని, చొక్కాజేబులో పెట్టుకున్నాను. మిగతా కాగితం చూసి నాబులు ఎక్కడెక్కడ వస్తాయో కొలతలు తీసుకున్నాను.

అక్షరాలు కుంచెతో రాయొచ్చు గానీ ఎనిమిదీ ఒకేలా ఉండాలంటే డెకాల్ మేలని మా ఆవిడే చెప్పింది. నేను కాగితం మీద రాసిచ్చింది జిరాక్స్ షాపులో ప్రత్యేకమైన కాగితం మీదకి ఎక్కిస్తారు. దాన్ని కత్తిరించి గోరువెచ్చని నీళ్ళలో వేస్తే అరనిమిషంలో ఉల్లిపొర లాంటి పల్చటి పొర కాగితాన్ని వదిలి జారుతుంది. రంగు వేసి ఆరిన డబ్బామీద రెండు చుక్కల నీళ్ళు పోసి, ఆ పొరను దానిమీదకి జార్చి, చోటు చూసి సర్ది, కింది నీళ్ళూ గాలిబుడగలూ మెత్తటి గుడ్డతో బయటికి నెట్టాలి. రోజంతా ఆరనివ్వాలి. ఆ తర్వాత పైన క్లియర్ స్ప్రే కొట్టాలి. క్లియర్ అంటే రంగు లేని వార్నిష్. పొర మీద పొర, పొర మీద పొర. ఎందుకంటే కాలు తగిలే వస్తువు అది.

మొదటి డబ్బామీద నేను బోర్డు రాసేవాడి అలవాటు కొద్దీ, తడి నిగనిగలాడేటట్టు ఒకేసారి దట్టంగా కొట్టాను. అయిదు నిమిషాలకి డెకాల్ ముడతలు పడి, పెడబొబ్బ కాస్తా తొంభయ్యేళ్ళ మోచెయ్యి అయిపోయింది.

"ఇదేమిటి, ముందే వయసు మళ్ళింది?" అంది మా ఆవిడ.

"పొర వేయబోతే పొరపాటైంది."

"మొదట మంచు పట్టినట్టు వేయాలండీ, ఇలా స్నానం చేయించకూడదు. వేసీవేయనట్టు నాలుగుసార్లు. ఆ తర్వాత మీ సరదా."

సరే, మంచు కురిపించడం నేర్చుకున్నాను. నాలుగు పొరలు వేసి, అద్దంలా మెరుస్తున్న డబ్బాను తీసుకెళ్ళి మా మావగారి చేతిలో పెట్టాను.

మా మావగారు పాతకాలపు రేడియో మెకానిక్. నాలుగేళ్ళ కిందట నీటికాసులు ఆయన చూపును పూర్తిగా పట్టుకుపోయాయి. అప్పటినుంచి మా ఇంట్లోనే, వరండా పక్క కుర్చీలో ఉంటారు. తక్కువ మాట్లాడతారు. ఎక్కువ మాట్లాడే అల్లుడు దొరికాడు గనక ఇంటి సగటు సరిపోయింది.

ఆయన బొటనవేలు డబ్బామీద మెల్లగా జారి ఒకచోట ఆగింది.

"అంచు తెలుస్తోంది అల్లుడుగారూ."

"నాకు కనపడట్లేదే, మావయ్యగారూ."

"మీకు కనపడదు. నాకు తెలుస్తోంది. అతికించినట్టు తెలియకూడదు గదా."

డెకాల్ ఎంత పల్చనైనా దానికో అంచు ఉంటుంది. ఆ అంచు మునిగేదాకా క్లియర్ వేయాలి, ఆరాక తడి ఉప్పుకాగితంతో రుద్దాలి, మళ్ళీ వేయాలి. అయిదు, ఆరు, ఏడు. ప్రతి పొరకీ నేను ఆయన దగ్గరికి వెళ్ళడం, ఆయన "ఉంది" అనడం. అంచు గురించి ఈ మనిషి అంచనా తప్పేది కాదు. పదో పొర తర్వాత ఆయన వేలు ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. ఇంకోసారి వెళ్ళింది.

"ఎక్కడండీ మీ కాగితం? అంటించారా, లేదా?" అన్నారు.

నాకు ఏ దుకాణదారుడూ అంత గొప్ప మాట చెప్పలేదు.

అలా నాలుగు వారాలకి ఎనిమిది డబ్బాలూ పూర్తయ్యాయి. మీగడరంగు మీద నల్లటి అక్షరాలు, పైన లోతైన మెరుపు. మా ఆవిడ లోపలి సరంజామా బిగించింది. గడువుకి ఇంకా వారం ఉంది. ఆదివారం సాయంత్రం వరండాలో చిన్న స్పీకరు పెట్టి, అరువు గిటారు తగిలించి, మొదటి డబ్బాను మావగారి ముందు పెట్టాం. మా ఆవిడ తీగలు మీటుతుంది, ఆయన నాబులు తిప్పుతూ వింటారు.

"ఎడమది ఏమిటి అల్లుడుగారూ?"

"హోరు, మావయ్యగారూ. శబ్దం పెంచేది."

ఆయన తిప్పారు. గిటారు గరగరమంది. ఇంకా తిప్పారు. ఇంకా గరగర. తల వంచి విని, చెయ్యి కుడివైపుకి తీసుకెళ్ళి ఆ నాబు తిప్పారు. వరండా అద్దాలు అదిరాయి.

"ఇదేమిటి?"

"అది... జోరు."

"చదివి చెప్పింది మీరేగా?"

మా ఆవిడ గిటారు కింద పెట్టింది. రెండో డబ్బా తెచ్చింది. మూడోది తెచ్చింది. అన్నీ అంతే. తీరు ఒక్కటే మధ్యలో ఉంది గనక తీరుగా ఉంది. హోరు దగ్గర జోరు, జోరు దగ్గర హోరు. చీకటి స్టేజీ మీద పిల్ల ఎవరైనా కాస్త మెల్లగా వాయిద్దామని హోరు తగ్గిస్తే ఏమీ తగ్గదు. కాస్త గరుకు పెంచుదామని జోరు తిప్పితే ముందువరసలో వాళ్ళు చెవులు మూసుకోవాలి.

ఆవిడ డబ్బా తెరిచి లోపలికి చూసి, మళ్ళీ తిరగేసి పైకి చూసింది.

"నేను గీసింది లోపలినుంచి చూస్తే ఎలా ఉంటుందో అదండీ. డబ్బా బోర్లిస్తే ఎడమది కుడికొస్తుంది. మీరు బయటినుంచి అనుకున్నారా?"

"బోర్డు రాసేవాడు బయటినుంచి కాక ఎక్కణ్ణుంచి అనుకుంటాడు? లోపలినుంచని నువ్వు రాయొద్దా?"

"రాశాననుకుంటా."

"అనుకుంటే సరా? ఎక్కడ రాశావ్, చూపించు. నెల్లాళ్ళు రుద్దాను ఇక్కడ. వేళ్ళు చూడు. గీసేవాళ్ళకి ఒక పద్ధతుండొద్దూ?"

నా గొంతు మామూలుగానే పెద్దది. ఆ సాయంత్రం దానికి స్పీకరు అవసరం లేకపోయింది. చేసిన డబ్బామీద పేరు నాకే సరిగ్గా సరిపోయింది. వరండా గేటు పక్కనుంచి వెళ్తున్నవాళ్ళు ఇద్దరు ఆగి మరీ చూశారు.

మా ఆవిడ నేను ఆగేదాకా ఆగింది.

"సరే, మీ అక్షరాల జోలికి వెళ్ళొద్దు. నేనే మారుస్తాను. రోజూ ఆఫీసునుంచి వచ్చాక ఒకటో రెండో" అంది.

"నాబులు లోపలి సర్క్యూట్ బోర్డుకే అతికి ఉన్నాయమ్మా. పీకితే రాగిగీతలు లేచొస్తాయి" అన్నారు మావగారు.

"లేస్తే లేస్తాయి నాన్నా. చూద్దాం."

ఆ 'చూద్దాం' లో ఆవిడ ఉద్యోగం మానేయడం, మానకపోవడం అంతా ఉంది. రాగిగీత లేచిందంటే ఆ బోర్డు చచ్చినట్టే. కొత్త బోర్డులు చేయడానికి వారం చాలదు. అది ముగ్గురికీ తెలుసు. నేను మాత్రం పెడముఖం పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆవిడ గొడుగు తీసుకుని పనికి వెళ్ళింది. నేను బట్టలు తడపబోతూ, అలవాటుగా చొక్కాజేబులు వెతికాను. నా జేబుల్లో చిల్లర కంటే చీటీలు ఎక్కువ, ఉతికినప్పుడల్లా ఒక చొక్కాలోంచి ఇంకో చొక్కాలోకి మారుతుంటాయి. ఒక చీటీ చేతికొచ్చింది. ఒకవైపు నా రాత: పెడబొబ్బ. తిరగేశాను. రెండోవైపు చిన్న అక్షరాలతో మా ఆవిడ రాత: లోపలివైపు నుంచి చూసినట్టు.

బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నా కుళాయి కట్టడం కాసేపటిదాకా తట్టలేదు.

తర్వాత బల్ల దగ్గర కూర్చున్నాను. ఎనిమిది డబ్బాలూ వరసగా ఉన్నాయి. నేను చేసిన పనులన్నింటిలోకీ నున్నటి పని. ఒకదాన్ని తీసుకుని కింది మూత విప్పాను. లోపల సన్నటి రంగురంగుల వైర్లు. స్పానర్ పట్టుకున్నాను గానీ ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఏం చేస్తున్నారు?" కుర్చీలోంచి మావగారు.

"ఊరికే, మావయ్యగారూ."

"మీరు ఊరికే ఉంటే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండదే."

ఆయన గోడ పట్టుకుని లేచి వచ్చారు. చెయ్యి చాపి డబ్బాను తడిమి చూశారు. మూత లేదని తెలిసింది. పక్కన పెట్టిన ఉప్పుకాగితం కూడా వేలికి తగిలింది.

"ఆ స్పానరు ఇటివ్వండి. మీరైతే వైర్లు తెంపుతారు."

వేలితో ఒక్కో నట్టు వెతుక్కుని, వదులు చేసి, మూడు నాబులూ స్విచ్చూ సాకెట్లూ బోర్డుతో సహా ఒకే ముద్దగా బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు. ఒక్క వైరు కదల్లేదు. ఎనిమిదింటికీ అలాగే చేశారు. నేను ఒక్కోదాన్నీ గుడ్డమీద పరిచి, ఉప్పుకాగితం తడిపి, మొదటి డబ్బామీద పెట్టి రుద్దాను. మెరుపు పోయింది. తర్వాత అక్షరాల మొదటి గీత పోయింది. పక్కన ఇంకో కాగితం రుద్దుతున్న చప్పుడు. చూస్తే మావగారు ఇంకో డబ్బా ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టేశారు.

"బొటనవేలికి ఈ పని కొత్త" అన్నారు. "అంచు లేకుండా చూడడం తెలుసు గానీ, మొత్తమే లేకుండా చేయడం ఇదే మొదలు."

మధ్యాహ్నం దాకా రుద్దాం. ఆ మూడు గంటల్లో నేనొక్క చమత్కారం కూడా ఆడలేదని తర్వాత ఆయనే మా ఆవిడకి చెప్పారు, ఏదో జబ్బు లక్షణం చెప్పినట్టు.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి ఎనిమిది డబ్బాలకి కొత్త మీగడరంగు ఆరుతోంది. ఆవిడ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయింది. నేను ఆ చీటీ తీసి బల్లమీద పెట్టాను. ఆవిడ ఒకవైపు చదివింది. తిప్పి రెండోవైపు చదివింది. మళ్ళీ మొదటివైపుకి తిప్పింది.

"పేరు బాగుంది" అంది. "టీ పెట్టనా?"

అంతే. ఆ నెలరోజుల మాటా, నిన్నటి గొంతూ, గేటు దగ్గర ఆగిన ఇద్దరూ, ఏదీ మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తే మనిషిని గనక ఎత్తకపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ టీలో చక్కెర తక్కువైందని ఇప్పటికీ చెప్పలేదు.

మంగళవారం కొత్త డెకాల్స్. ఈసారి ఎడమన జోరు, కుడిన హోరు. బుధవారం మొదటి క్లియర్ పొర వేయగానే ఇంకో దెబ్బ. వాన ఆగకుండా కురుస్తోంది. గాలిలో తడి వార్నిష్‌లోకి ఎక్కి ఎనిమిది డబ్బాలూ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. అక్షరాలు మంచులో మనుషుల్లా ఉన్నాయి. మామూలుగా అయితే ఎండ కోసం ఆగుతాం. శనివారం మాస్టారికి ఇవ్వాలి, ఎండ మాత్రం ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పలేదు.

"క్లియర్ అన్నావు, ఏదీ క్లియర్‌గా లేదే" అన్నాను, నీరసంగా.

"మాట్లాడాడు, బతికాడు" అన్నారు మావగారు కూతురితో. "అమ్మాయ్, అటకమీద నా బల్బు పెట్టె ఉందా, పారేశారా?"

వానాకాలంలో రేడియో ట్రాన్స్‌ఫార్మర్లకి చెమ్మపడితే, వాటిని చెక్కపెట్టెలో పెట్టి, లోపల ఒక బల్బు వెలిగించి మూతవేసేవారట ఆయన. ఆ వెచ్చదనానికి తడి దానంతటదే పోయేది. పెట్టె దొరికింది. ఒకవైపు బొద్దింకలు సంసారం చేస్తున్నాయి, వాటికి నోటీసిచ్చి ఖాళీ చేయించాను. బల్బు వేసి డబ్బాల్ని వెచ్చబెట్టి, వెచ్చగా ఉండగానే బయటికి తీసి పల్చటి మంచులా ఒక పొర, వెంటనే మళ్ళీ లోపలికి. మొదటి రెండు విడతలకే తెలుపు మెల్లగా విరిగి, అక్షరాలు ఒక్కోటీ పైకి తేలాయి. నేను వేయడం, మావగారు చేత్తో పెట్టె వేడి చూసి "ఇక తియ్యండి" అనడం, మా ఆవిడ ఆఫీసునుంచి రాగానే గొడుగు మూలన పడేసి ఉప్పుకాగితం అందుకోవడం. ఆ మూడురోజులు మా ముగ్గురి మధ్య పొరలే తప్ప పొరపొచ్చాలు లేవు.

శుక్రవారం పదో పొర తర్వాత మావగారి బొటనవేలు ఒకచోట కాస్త సంశయించింది. "ఇంకొక్కటి వేద్దామా?" అన్నారు. వేద్దామా అన్నారు, వేయండి అనలేదు. పదకొండోది వేశాను.

శనివారం మా ఆవిడ లోపలి సరంజామా తిరిగి బిగించింది. ఎనిమిదీ అట్టపెట్టెలో సర్దుకుని గిటారు బడికి వెళ్ళాం. దారంతా నేను నాలుగు చమత్కారాలు సిద్ధం చేసుకున్నాను. ఒకటి పెడల్ మీద, ఒకటి మాస్టారి గుండు మీద, రెండు అప్పటి గాలిని బట్టి.

మాస్టారు ఒక డబ్బా తీసి నేలమీద పెట్టుకుని, వైర్లు తగిలించి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తొక్కాడు. వాయించాడు. చెయ్యి కిందికి వెళ్ళింది. కుడి నాబు తిప్పాడు, హోరు తగ్గింది. ఎడమది తిప్పాడు, జోరు పెరిగింది. మళ్ళీ వాయించాడు. మేమున్నామన్న సంగతి మర్చిపోయాడు. ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిదీ. నా నాలుగు చమత్కారాలకి సందు దొరకలేదు. పక్కకి చూస్తే మా ఆవిడ గోడకి ఆనుకుని, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లలా నిలబడుంది. వింటున్నది పాటను కాదు, తన ఒక్కో అతుకునీ.

చివరి డబ్బా మీంచి కాలు తీసి ఆయన తల పైకెత్తాడు.

"ఇంకో పన్నెండు కావాలమ్మా. నాకు తెలిసినవాళ్ళు అడుగుతారు, ఇది విన్నాక. ఎప్పటికిస్తావ్?"

"సోమవారం వెళ్ళి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాలి సార్" అంది మా ఆవిడ. "వాళ్ళకి నెలరోజుల ముందు చెప్పాలి. ఆ తర్వాత ఎప్పుడంటే అప్పుడు."

ఆ మాట ఆయనతో చెప్పింది గానీ, చెబుతూ చూసింది నావైపు. నేను ఖాళీ అట్టపెట్టె చేతిలోకి తీసుకుని, దాని మూతలు ఒకదాన్లో ఒకటి మడవడంలో చాలా తలమునకలుగా ఉండిపోయాను.

ఇంటికొచ్చేసరికి మావగారు వరండాలోనే ఉన్నారు. కూతురి అడుగుల చప్పుడుకే సంగతి అర్థమైనట్టుంది. ఆవిడ చెప్పిందంతా విని తలూపారు. ఆవిడ లోపలికి వెళ్ళాక నన్ను పిలిచారు.

"అక్షరాల గురించి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు మావయ్యగారూ. అసలు చూడనే లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పేరైనా చదివాడో లేదో."

ఆయన కుర్చీలోనే నా గొంతు వైపు తిరిగారు.

"డబ్బా తీసి పెట్టుకునేటప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"ఆఁ, అప్పుడు తెరిచే ఉన్నాయి."

"ఆ తర్వాత చెయ్యి తడుముకుందా?"

"లేదు. నేరుగా వెళ్ళింది. ఎనిమిదిసార్లూ."

"అయితే ఒక్క చూపులో చదివాడు లెండి. అంత శుభ్రంగా రాశారు మీరు."

ఇరవై ఆరేళ్ళలో ఎన్ని బోర్డులు రాశానో నాకే లెక్కలేదు. వాటి కింద నిలబడి ఎవరెవరో ఏమేమో అన్నారు, అన్నింటికీ నా దగ్గర ఎదురుమాట ఉండేది. ఈ మాటకి మాత్రం జేబులన్నీ వెతికినా ఏమీ దొరకలేదు.

"థాంక్సండీ" అన్నాను.

ఇంత మెల్లగా మాట్లాడింది ఎవరా అని మా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసింది.